ఉత్తరాంధ్ర గిరిజన తిరుగుబాట్లలో స్త్రీలు: వలసపాలన కథనాల విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

పూర్వపు గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండప్రాంతాల్లో పంతొమ్మిదో శతాబ్దం పొడవునా బ్రిటిష్ పాలనపై తిరుగుబాట్లు జరిగాయి. వాటిని నమోదు చేసిన అధికారుల రచనల్లో గిరిజన స్త్రీ దాదాపు కనిపించదు. అదే అధికారులు రాసిన కులవర్ణనల్లో మాత్రం ఆమె విస్తారంగా కనిపిస్తుంది. ఒకే పాలనావ్యవస్థ, ఒక్కోసారి ఒకే గ్రంథం, ఒకచోట స్త్రీని చూసి మరొకచోట చూడకపోవడానికి కారణం ఆ రచనాప్రక్రియల స్వభావంలోనే ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 1900లో సాలూరు ప్రాంతంలో జరిగిన కొర్రా మల్లయ్య తిరుగుబాటు, 1864–66 నాటి సవరల తిరుగుబాటు ఇక్కడ ప్రధాన పరిశీలనాంశాలు. 1940 నాటి మందస రైతాంగ పోరాటంలో ప్రాణాలర్పించిన వీరగున్నమ్మ ఉదంతాన్ని తులనాత్మకంగా గ్రహించడం జరిగింది.

కీలకపదాలు: కొండదొరలు, సవరలు, కొర్రా మల్లయ్య, గెజెటీర్, అనుపలబ్ధి, అర్థాపత్తి, వీరగున్నమ్మ.

1. ప్రవేశిక:

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల గిరిజన పోరాటచరిత్ర అనగానే సాధారణంగా 1967–70 నాటి శ్రీకాకుళ గిరిజనోద్యమం స్ఫురిస్తుంది. ఆ ఉద్యమానికి వెనుక దాదాపు నూట ముప్పై ఏళ్ల ప్రతిఘటన ఉంది. 1832–36 మధ్య పర్లాకిమిడి, విశాఖపట్నం ప్రాంతాల్లో చెలరేగిన అలజడులను అణచడానికి మద్రాసు ప్రభుత్వం జార్జ్ రస్సెల్‌ను ప్రత్యేకాధికారిగా పంపింది. ఆయన సిఫారసుల ఫలితంగా 1839లో 24వ చట్టం వచ్చింది. దాని ప్రకారం గంజాం, విశాఖపట్నం జిల్లాల కొండభూములు సాధారణ న్యాయస్థానాల పరిధి నుంచి తప్పి, కలెక్టరు ‘ఏజెంటు’ హోదాలో పాలించే ప్రాంతాలయ్యాయి. ‘ఏజెన్సీ’ అనే మాట తెలుగువారి నోట స్థిరపడింది అప్పటినుంచే.

ఈ పాలనా చరిత్ర పరిశోధకుల పనిని ఒక విధంగా కష్టతరం చేసింది. నేటి శ్రీకాకుళం జిల్లా ప్రాంతం 1936 వరకు గంజాం జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు సవరల కొండలు రెండు రాష్ట్రాల మధ్య చీలిపోయాయి. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలు ఏర్పడ్డాయి. ఒకే కొండజాతి చరిత్రను నాలుగైదు పాలనా విభాగాల కాగితాల్లో వెదకవలసి వస్తుంది. ఇలా చెదిరిన చరిత్రలో పురుష నాయకుల పేర్లే అరకొరగా మిగిలాయి. స్త్రీల విషయం వేరే చెప్పనక్కరలేదు.

అయితే ‘రికార్డుల్లో లేరు’ అనే వాక్యంతో పరిశోధన ముగియకూడదు. ఎందుకు లేరు, ఏ రికార్డులో లేరు, మరే రికార్డులో ఉన్నారు అనే ప్రశ్నలు అక్కడే మొదలవుతాయి.

2. పరిశీలనకు ప్రమాణాలు:

పూర్వమీమాంసలో భాట్టులు అంగీకరించిన ఆరు ప్రమాణాల్లో రెండు ఈ చర్చకు నేరుగా ఉపకరిస్తాయి. మొదటిది అనుపలబ్ధి. ఒక వస్తువు కనబడకపోవడమే దాని అభావానికి ప్రమాణం. కానీ దీనికొక నియమం ఉంది. ఆ వస్తువు అక్కడ ఉండి ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి ఉన్నప్పుడే, కనబడకపోవడం ప్రమాణమవుతుంది. వెలుతురున్న గదిలో కుండ కనబడకపోతే కుండ లేదనవచ్చు. చీకటిగదిలో కనబడకపోతే అలా అనడానికి వీల్లేదు. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు.

రెండవది అర్థాపత్తి. లావుగా ఉన్న దేవదత్తుడు పగలు భోజనం చేయడని తెలిస్తే, అతడు రాత్రి తింటున్నాడని గ్రహించక తప్పదు. చెప్పిన విషయం పొసగాలంటే చెప్పని విషయాన్ని ఒప్పుకోవాలి.

తిరుగుబాటు నివేదికలు స్త్రీల విషయంలో వెలుతురున్న గదులా, చీకటిగదులా అన్నది మొదటి ప్రశ్న. ఆ నివేదికలు చెప్పిన విషయాలు పొసగాలంటే ఏయే విషయాలను ఒప్పుకోవాలి అన్నది రెండవది. ఆధునిక చరిత్ర రచనలోనూ ఇందుకు సమానమైన ఆలోచనలున్నాయి. రణజిత్ గుహ 1983 నాటి వ్యాసంలో తిరుగుబాటును వర్ణించే అధికారిక వచనమే తిరుగుబాటును అణచే సాధనంగా పనిచేస్తుందని విశ్లేషించాడు. గాయత్రీ చక్రవర్తి స్పివాక్ సిర్మూర్ రాణి ఉదంతాన్ని పరిశీలిస్తూ, పాలకులకు అవసరమైనంత మేరకే స్త్రీ పత్రాల్లోకి వచ్చి, అవసరం తీరగానే మాయమవుతుందని చూపింది. ఉత్తరాంధ్ర విషయంలో ఈ పరిశీలనలు ఎంతవరకు వర్తిస్తాయో, ఎక్కడ చాలవో తర్వాతి భాగాల్లో తేలుతుంది.

3. కొర్రవానివలస – 1900:

కొర్రా మల్లయ్య కొండదొర. ఊరు సాలూరు ప్రాంతంలోని కొర్రవానివలస. ఆయన తిరుగుబాటు గురించి విస్తృతంగా వాడుకలో ఉన్న కథనం డబ్ల్యు. ఫ్రాన్సిస్ రూపొందించిన 1907 నాటి విశాఖపట్నం జిల్లా గెజెటీర్‌లోనిది. ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో ఏడు సంపుటాలుగా వెలువరించిన దక్షిణభారత కులాలు, తెగల గ్రంథంలో కొండదొరల వ్యాసంలోకి కూడా ఇదే కథనం చేరింది.

ఆ కథనం సారాంశం ఇది. 1900లో మల్లయ్య తనకు దైవప్రేరణ కలిగిందని ప్రకటించాడు. పలు ఊళ్లనుంచి జనం వచ్చి చేరగా నాలుగైదు వేలమందితో ఒక శిబిరం ఏర్పడింది. తాను పంచపాండవుల్లో ఒకరి అవతారమనీ, తన పసికొడుకు శ్రీకృష్ణుడనీ, ఇంగ్లీషువారిని తరిమి తానే రాజ్యమేలుతాననీ ఆయన చెప్పాడు. వెదుళ్లు తుపాకులవుతాయనీ, సర్కారు ఆయుధాలు నీరవుతాయనీ అనుచరులు నమ్మారు. వెదుళ్లను తుపాకుల ఆకారంలో చెక్కి కవాతు చేశారు. పాచిపెంటను దోచుకుంటామని కబురు పంపారు. మే 1న పరిస్థితి చూడవచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లను కొట్టి చంపారు. జిల్లా మేజిస్ట్రేటు స్వయంగా విశాఖపట్నం, పార్వతీపురం, జయపురం నుంచి రిజర్వు పోలీసులను రప్పించి, మే 7 తెల్లవారుజామున శిబిరంపై దాడి చేయించాడు. కాల్పుల్లో పదకొండుమంది మరణించారు. అరవైమందిపై అల్లర్ల కేసు, మల్లయ్యతో కలిపి ముగ్గురిపై హత్యకేసు నడిచాయి. మల్లయ్య జైలులో చనిపోయాడు. మిగతా ఇద్దరినీ ఉరితీశారు. కృష్ణుడనుకున్న పసివాడు కూడా చనిపోయాడు. దాంతో గొడవ సమసిపోయిందని కథనం ముగుస్తుంది.

ఈ కథనంలోని కంఠస్వరం గమనించదగినది. ఆరంభంలో అది వినోదంగా, వెక్కిరింతగా నడుస్తుంది. వెదురు తుపాకులు, బాలకృష్ణుడు, స్వామి అనే మాటలు తిరుగుబాటును మూఢత్వంగా చూపుతాయి. పోలీసులు రంగంలోకి దిగగానే తేదీలు, అంకెలు వస్తాయి. శిబిరం ఎందుకు ఏర్పడిందో చెప్పడానికి ఒక్క వాక్యమూ కేటాయించని రచయిత, అది ఎలా అణగిపోయిందో మాత్రం రోజులవారీగా చెబుతాడు. అటవీ నిబంధనలు, సారా గుత్తలు, సంతల్లో షావుకార్ల అప్పులు, వెట్టి వంటి విషయాలకు ఇక్కడ చోటులేదు. 1882 నాటి మద్రాసు అటవీచట్టం తర్వాత పోడు వ్యవసాయంపై ఆంక్షలు పెరిగాయి. పోడుమీద బతికే జాతి నుంచి ఇలాంటి ఉద్యమం పుట్టడాన్ని ఆ నేపథ్యం లేకుండా అర్థం చేసుకోలేము.

పాండవుల ప్రస్తావన కూడా మల్లయ్య సొంత కల్పన కాదు. పాండవులను కొలిచే సంప్రదాయం కొండదొరల్లో ఉన్నట్టు థర్‌స్టన్ గ్రంథమే నమోదు చేసింది. అంటే మల్లయ్య మాటలు ఆ సమాజానికి తెలిసిన భాషలోనే ఉన్నాయి. రాజ్యం కోల్పోయి అడవులపాలై మళ్లీ రాజ్యం పొందిన అన్నదమ్ముల కథలో కొండదొరలు తమ స్థితిని చూసుకున్నారు.

4. తల్లి లేని బాలకృష్ణుడు:

ఇంత వివరమున్న కథనంలో ఒక్క స్త్రీ కూడా లేదు. తండ్రి ఉన్నాడు, పసికొడుకు ఉన్నాడు. ఆ పసివాడి తల్లి లేదు.

ఇది చిన్న లోపంగా కనిపించవచ్చు. కానీ ఉద్యమస్వరూపాన్ని బట్టి చూస్తే ఆ తల్లి స్థానం కేంద్రస్థానం. కృష్ణుడిగా ఆరాధన పొందింది కవాతు చేసే యువకుడు కాడు, ఒడిలో ఉండవలసిన శిశువు. అతడిని ఎత్తుకోవడం, పాలివ్వడం, జనానికి చూపడం వంటి పనులు లేకుండా ఆ ఆరాధన లేదు. పదిమంది చేతుల్లో ఆ శిశువు దేవుడవడానికి ముందు ఒక స్త్రీ చేతుల్లో బిడ్డ. దైవత్వం తండ్రి ప్రకటనతో వచ్చి ఉండవచ్చు. దాన్ని దినదినం నిలబెట్టినది ఆ బిడ్డను సాకిన చేతులే. భాగవత సంప్రదాయంలో యశోద లేకుండా బాలకృష్ణుని ఊహించడం తెలుగు పాఠకుడికి సాధ్యం కాదు. గెజెటీర్ రచయితకు సాధ్యమైంది.

ఆ తల్లి భర్తనూ కొడుకునూ పోగొట్టుకుంది. ఆ రెండు మరణాలూ కథనంలో ఉన్నాయి. అవి ఎవరికి సంభవించిన నష్టాలో అన్నది మాత్రం లేదు. పైగా, పసివాడి మరణాన్ని రచయిత ఉద్యమం ముగిసిందనడానికి గుర్తుగా వాడుకున్నాడు.

ఇక్కడ యోగ్యానుపలబ్ధి నియమాన్ని వర్తింపజేస్తే సమాధానం స్పష్టమవుతుంది. శిశువుకు తల్లి ఉండటం తర్కంతో రుజువు చేయనక్కరలేని విషయం. అయినా ఆమె ఈ కథనంలో కనబడలేదు. తప్పక ఉన్న స్త్రీనే చూపలేని రచన, ఇతర స్త్రీల విషయంలో మౌనంగా ఉన్నంతమాత్రాన వారు లేరనడానికి ప్రమాణం కాలేదు. కాబట్టి ‘కొర్రా మల్లయ్య తిరుగుబాటులో స్త్రీలు పాల్గొన్న దాఖలాలు లేవు’ అనే వాక్యం గెజెటీర్ గురించిన సమాచారం మాత్రమే. తిరుగుబాటు గురించిన సమాచారం కాదు.

5. నాలుగైదు వేలమంది అంబలి:

అర్థాపత్తి ఉపయోగపడేది శిబిరం విషయంలో. నాలుగైదు వేలమంది ఒకచోట చేరి, క్రమక్రమంగా పెరిగి, కవాతులు చేసే స్థాయికి చేరారని కథనం చెబుతోంది. వారు తిన్నారని చెప్పదు. దేవదత్తుని ఉదాహరణ ఇక్కడ తు.చ. తప్పకుండా సరిపోతుంది.

కొండప్రాంతపు ఆహారవ్యవస్థలో ఎవరి పని ఏమిటో కులవర్ణన గ్రంథాలు, ఆ తర్వాతి మానవశాస్త్ర రచనలు విస్తారంగా చెప్పాయి. పోడు నరకడంలో పురుషులది ముఖ్యపాత్ర. విత్తడం, కలుపు తీయడం, కోయడం, నూర్చడంలో స్త్రీల శ్రమ సమానం, తరచూ అధికం. చోళ్లు, సామలు, కొర్రలు దంచి విసరడం, అంబలి కాయడం, దుంపలు తవ్వడం, అడ్డాకులు, చింతపండు, కొండచీపుర్లు సేకరించి సంతకు మోయడం స్త్రీల పనులు. కొండల్లో దొరకని ఉప్పు సంతనుంచే రావాలి. వేలమంది శిబిరానికి కావలసిన తిండిగింజలు, ఉప్పు సమకూరాలంటే ఈ శ్రమ మొత్తం ఉద్యమంవైపు మళ్లి ఉండాలి. తిరుగుబాటుకు కావలసిన సరఫరా వ్యవస్థ స్త్రీల చేతిలో ఉంది. సైనిక నివేదికల్లో ప్రభుత్వబలగాల రేషన్లకు ప్రత్యేకస్థానం ఉంటుంది. తిరుగుబాటుదారుల రేషన్లు ఎవరికీ అంశం కాలేదు.

కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. మే నెల పోడు వ్యవసాయంలో కీలకమైన సంధికాలం. వేసవిలో నరికి ఆరబెట్టిన పోడును కాల్చి, తొలకరికి విత్తడానికి సిద్ధం చేసే రోజులవి. మే 7న పదకొండుమంది చనిపోయారు. అరవైమంది కేసుల్లో చిక్కుకున్నారు. తొలకరి రావడానికి నెలరోజులే ఉంది. ఆ ఏడు విత్తనం వేసింది ఎవరు? జైలుకు వెళ్లినవారి పిల్లలను, ముసలివాళ్లను ఎవరు సాకారు? ఈ ప్రశ్నలకు ఇళ్లలో మిగిలిన స్త్రీలే సమాధానం. తిరుగుబాటు మూల్యాన్ని జైలుశిక్షల సంఖ్యతో మాత్రమే కొలిస్తే ఆ మూల్యంలో సగం లెక్కకు రాదు.

అయితే ఇక్కడొక జాగ్రత్త అవసరం. అంబలి కాచిన ప్రతి స్త్రీనీ విప్లవకారిణిగా ప్రకటించడం తొందరపాటు. ఆ శ్రమలో కొంత విశ్వాసంతో, కొంత బంధుత్వ ధర్మంతో, మరికొంత గత్యంతరం లేక జరిగి ఉండవచ్చు. అర్థాపత్తి స్త్రీల ఉనికిని, శ్రమను నిరూపిస్తుంది. వారి అభిప్రాయాన్ని నిరూపించదు. పురుషుల విషయంలోనూ ఇదే పరిమితి ఉంది. అరెస్టయిన అరవైమంది మనసుల్లో ఏముందో గెజెటీర్ రచయితకు తెలియదు. అయినా వారందరినీ కలిపి మూఢభక్తులుగా పేర్కొనడానికి ఆయన సంకోచించలేదు.

6. సవరలు – మృతులతో మాట్లాడే స్త్రీలు:

1864లో పొట్టసింగి ప్రాంతపు సవరల గ్రామపెద్ద ఒకరిని పోలీసులు అక్రమంగా నిర్బంధించారు. సవరలు దాడిచేసి ఆయనను విడిపించుకున్నారు. ఒక ఇన్‌స్పెక్టరును, నలుగురు కానిస్టేబుళ్లను చంపి ఠాణాను తగలబెట్టారు. జయపురం రాజు సహాయంతో ఇరవైనాలుగుమందిని పట్టుకున్నారు. తొమ్మిదిమందికి ద్వీపాంతరవాసం విధించారు. ఐదుగురిని కొండ దిగువన జల్తెర వద్ద ఉరితీశారు. అయినా 1865లో కొండపై ఠాణా పెట్టవచ్చిన పోలీసులను సవరలు తరిమికొట్టారు. 1866 జనవరిలో గాని అక్కడ ఠాణా స్థిరపడలేదు. నిర్బంధం అక్రమమేనని అధికారిక కథనమే అంగీకరించడం ఇక్కడి విశేషం.

ఈ కథనంలోనూ స్త్రీలు లేరు. కానీ సవరల గురించి రాసిన ఇతర రచనల్లో స్త్రీ స్థానం అసాధారణమైనది. 1888లో సవరలపై విస్తృత వ్యాసం ప్రచురించిన ఫ్రెడ్ ఫాసెట్ వృత్తిరీత్యా పోలీసు అధికారి. తిరుగుబాటును అణచే వ్యవస్థ, సంస్కృతిని వర్ణించే వ్యవస్థ ఎంత దగ్గరివో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు. గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉంటూ సవరభాష నేర్చుకుని, వాచకాలు రాసి, 1931లో సవరభాషా వ్యాకరణాన్ని, 1938లో నిఘంటువును ప్రచురించారు. సవరల గురించి బయటివారు రాసిన దానికి, సవరల మాటలనే నమోదు చేయడానికి ఉన్న తేడాను తెలుగు పరిశోధకులకు మొదట చూపింది ఆయనే. 1955లో వెలువడిన వెరియర్ ఎల్విన్ గ్రంథం సవరల మతాన్ని సమగ్రంగా పరిచయం చేసింది. పీర్స్ వైటెబ్‌స్కీ 1993 నాటి గ్రంథం మృతులతో సవరల సంభాషణలను విశ్లేషించింది.

ఈ రచనల ప్రకారం సవర సమాజంలో మరణంతో మనిషి మాట ఆగిపోదు. మృతుడు పూజారిణి నోట తిరిగి మాట్లాడతాడు. తాను ఎలా చనిపోయాడో, ఎవరు కారకులో, తనకేం కావాలో చెబుతాడు. బతికినవారు అతడితో వాదిస్తారు, ఏడుస్తారు, ఓదారుస్తారు. ఈ సంభాషణకు మాధ్యమమైన ‘కురన్’లలో స్త్రీలు ప్రముఖులు. అంత్యక్రియలకు సంబంధించిన ప్రధాన కర్మలు ఎక్కువగా వారి చేతిలోనే ఉంటాయి. ఎల్విన్ వర్ణించిన స్త్రీ కురన్‌లు అధోలోకంలో ఒక ఆత్మను వివాహమాడతారు. ఆ ఆత్మభర్తలు తరచూ సవరలు కారు. మైదానపు హిందువులు, రాజులు, అధికారగణం. కురన్‌ల ఇళ్లలోని గోడబొమ్మల్లో గుర్రాలెక్కిన దొరలు, బంట్రోతులు, తుపాకులు పట్టినవారు కనిపిస్తారు.

దీని అర్థాన్ని వలసపాలన సందర్భంలో చూడాలి. కొండ దిగితే సవరకు ఎదురయ్యే ఠాణా, కచేరీ, అటవీగార్డు, అధోలోకంలో స్త్రీ కురన్‌కు బంధువులవుతారు. ఏ అధికారాన్ని ఆయుధంతో గెలవడం సాధ్యంకాలేదో, ఆ అధికారంతో బేరమాడే భాషను ఈ స్త్రీలు నిర్మించారు. దీన్ని తిరుగుబాటు అనడం కష్టం. లొంగుబాటు అనడం మరింత కష్టం. అధికారస్వరూపాన్ని గుర్తించి, దానికి తమ లోకంలో ఒక చోటు చూపి, దానితో పని చేయించుకోవడమనే రాజకీయ వివేకం ఇందులో ఉంది.

జల్తెర వద్ద ఉరికంబమెక్కిన ఐదుగురి సంగతి కూడా ఈ వెలుగులో ఆలోచించవలసినది. బ్రిటిష్ చట్టం దృష్టిలో ఉరితో వారి కథ ముగిసింది. సవర ధర్మంలో మరణించినవారు మాట్లాడటం అప్పుడే మొదలవుతుంది. ఆ సమాజంలో మరణాల జ్ఞాపకాన్ని నిలిపే వ్యవస్థకు స్త్రీలు అధిపతులు. కాబట్టి సవర తిరుగుబాటు చరిత్రకు రెండు దస్త్రాలున్నాయని భావించవచ్చు. ఒకటి కలెక్టరు కచేరీలోది. రెండవది కురన్ నోటిలోది. మొదటిది అచ్చయింది. రెండవది ఒక తరం నుంచి మరో తరానికి మారుతూ, మృతుల మాటలు మెల్లగా మసకబారే కొద్దీ కరిగిపోయింది.

7. రక్షించవలసిన స్త్రీ:

అధికారిక రచనలు గిరిజన స్త్రీని పూర్తిగా విస్మరించాయనడం కూడా సరికాదు. ఒక సందర్భంలో ఆమెను అవి శ్రద్ధగా లెక్కించాయి. గంజాం కొండల్లో కోందుల నరబలి ఆచారాన్ని, అంటే ‘మెరియా’ను, నిర్మూలించడానికి 1845లో ప్రత్యేక ఏజెన్సీ ఏర్పడింది. 1837–54 మధ్య పదిహేను వందలకు పైగా మెరియాలను విడిపించినట్టు అధికారులు స్త్రీపురుష విభజనతో పట్టికలు తయారు చేశారు. కోందులలో ఆడశిశుహత్యను గురించి కూడా వివరమైన నివేదికలు వెలువడ్డాయి.

నరబలిని ఆపడం మంచిపనే. దానిపై వివాదం లేదు. ఇక్కడి ప్రశ్న రచనాపద్ధతికి సంబంధించినది. గిరిజన సమాజపు క్రూరత్వానికి సాక్ష్యంగా నిలిచినప్పుడు స్త్రీని అంకెల్లో చూపగలిగిన వ్యవస్థ, తన తుపాకీకి ఎదురుగా నిలిచిన గుంపులో స్త్రీలెందరో చెప్పలేదు. కొర్రవానివలసలో పదకొండుమంది మరణించారని రాసిన కథనం వారిలో స్త్రీపురుష భేదం చూపలేదు. రక్షితురాలిగా స్త్రీకి లెక్క ఉంది. ప్రత్యర్థిగా లేదు. స్త్రీలు కూడా తమ పాలనను ఎదిరించారని ఒప్పుకుంటే రక్షకుడి పాత్ర చెల్లదు. స్పివాక్ పరిశీలన ఇక్కడ సంపూర్ణంగా వర్తిస్తుంది.

ఈ దృష్టితో చూస్తే అధికారిక రచనల్లో గిరిజన స్త్రీకి మూడు గదులున్నాయి. కులవర్ణనలో ఆమె మేనరికం, ఓలి, మారుమనువు, నగలు, కట్టుబొట్టులకు సంబంధించిన విషయం. సంస్కరణ నివేదికలో ఆమె బాధితురాలు. తిరుగుబాటు నివేదికలో ఆమె శూన్యం. థర్‌స్టన్ కొండదొరల వ్యాసంలో మొదటి గది, మూడో గది పక్కపక్కనే ఉన్నాయి. కొన్ని పుటల ముందు పెళ్లి ఆచారాల్లో కనిపించిన స్త్రీ, మల్లయ్య కథ మొదలుకాగానే అదృశ్యమవుతుంది. ఆ రెండు భాగాలను కలిపి చదవడమే పరిశోధకుడు చేయవలసిన మొదటి పని.

8. పేరు మిగిలిన స్త్రీలు – మాకీ, గున్నమ్మ:

1900లోనే ఛోటానాగ్‌పూర్‌లో బిర్సా ముండా నాయకత్వంలో ఉల్గులాన్ సాగింది. కొర్రా మల్లయ్య ఉద్యమంతో దానికి పోలికలు స్పష్టం. రెండింటిలోనూ దైవాంశ సంభూతుడైన నాయకుడున్నాడు, ఇంగ్లీషు రాజ్యం పోతుందన్న ప్రకటన ఉంది, సర్కారు ఆయుధాలు పనిచేయవన్న నమ్మకం ఉంది. ఇద్దరు నాయకులూ జైలులోనే మరణించారు. కానీ ముండా తిరుగుబాటు చరిత్రలో గయా ముండా భార్య మాకీ పేరు నిలిచింది. 1900 జనవరి 6న ఎట్కెడీ గ్రామంలో డిప్యూటీ కమిషనర్ స్ట్రీట్‌ఫీల్డ్ గయా ముండాను పట్టుకోవడానికి వెళ్లినప్పుడు మాకీ, ఆ ఇంటి స్త్రీలు చేతికందిన ఆయుధాలతో ఎదిరించారు. ఎదురుదెబ్బ స్వయంగా అధికారికే తగలడం వల్ల ఆ స్త్రీలు నివేదికలోకి వచ్చారు. ముండా స్త్రీలు ధీరలై, కొండదొర స్త్రీలు భీరువులై ఈ తేడా రాలేదు. ఒకచోట అధికారి ఇంటి గుమ్మం దాకా వెళ్లాడు. మరొకచోట శిబిరాన్ని తెల్లవారుజామున తుపాకుల వెనుకనుంచి చూశాడు.

ఉత్తరాంధ్రలోనే మరో ఉదాహరణ ఉంది. 1940 మార్చిలో పలాసలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ జరిగింది. ఆ వెంటనే మందస జమీందారీలో, అడవినుంచి కలప తెచ్చుకునే హక్కు కోసం రైతులు కదిలారు. ఏప్రిల్ 1న గుడారి రాజమణిపురంలో రైతులను అరెస్టు చేసి తీసుకుపోతున్న పోలీసులను సాసుమాన గున్నమ్మ, ఇతర స్త్రీలు అడ్డగించారు. పోలీసుల కాల్పుల్లో గున్నమ్మ, మరికొందరు రైతులు మరణించారు. ఆమెను నిండు గర్భిణిగా, ‘వీరగున్నమ్మ’గా ప్రజాస్మృతి నిలుపుకుంది.

గున్నమ్మ గిరిజన స్త్రీ కాదు, మైదానపు రైతుమహిళ. కానీ ఆమె పోరాడిన సమస్య కొండస్త్రీల సమస్యే. అడవిపై హక్కు ఎవరిది అన్నదే ఆ సమస్య. కొర్రవానివలసకు, రాజమణిపురానికి మధ్య నలభై ఏళ్ల దూరం ఉంది. ఆ నలభై ఏళ్లలో మారింది స్త్రీల ధైర్యం కాదు, నమోదు చేసే సాధనాలు. 1940 నాటికి రైతుసంఘం ఉంది, పత్రికలున్నాయి, చనిపోయిన వ్యక్తి పేరును ఊరూరా వినిపించే కార్యకర్తలున్నారు. ప్రభుత్వ నివేదికకు పోటీగా మరో కథనాన్ని నిలబెట్టగల వ్యవస్థ తయారైంది. 1900లో కొండదొరలకు అలాంటి వ్యవస్థ లేదు. వారి గురించి రాసినవారు వారిని కాల్చినవారే.

గున్నమ్మ స్మృతిలో కూడా ఒక విశేషం గమనించాలి. గర్భిణి అయిన అమరురాలిగా ఆమెను తలుచుకునే కొద్దీ, ఆమె కలప హక్కు కోసం, అంటే నాగలికీ ఇంటి దూలానికీ కావలసిన కట్టె కోసం నిలబడిన రైతు అన్న సంగతి వెనక్కి పోతుంది. మాతృత్వం ఆమె మరణాన్ని కరుణరసభరితం చేస్తుంది. ఆమె డిమాండును మాత్రం మరుగుపరుస్తుంది. పేరు దొరికినంతమాత్రాన పాత్ర దొరికినట్టు కాదనడానికి ఇది నిదర్శనం.

9. వీరనారి అన్వేషణ – ఒక హెచ్చరిక:

ఇటీవలి కాలంలో ప్రతి జిల్లాకు, ప్రతి తెగకు ఒక స్వాతంత్ర్య వీరనారిని చూపాలన్న ఉత్సాహం పెరిగింది. ఉద్దేశం మంచిదే. కానీ ఆధారం లేని పేరును, సన్నివేశాన్ని చరిత్రగా ప్రచారం చేస్తే రెండు నష్టాలున్నాయి. మొదటిది, ఒక్క ఆధారం తప్పని తేలితే మొత్తం విషయమే అనుమానాస్పదమవుతుంది. రెండవది మరింత లోతైనది. గుర్రమెక్కి కత్తిదూసిన స్త్రీనే పోరాటయోధురాలిగా గుర్తించే అలవాటు, గింజ దంచిన స్త్రీని, పసివాడిని సాకిన స్త్రీని, మృతుల మాట నిలిపిన స్త్రీని మళ్లీ శూన్యం చేస్తుంది. గెజెటీర్ చేసిన పనినే అభిమానంతో మరోసారి చేసినట్టవుతుంది.

కాబట్టి నమోదైన విషయం, అర్థాపత్తితో సిద్ధించే విషయం, సృజనాత్మక కల్పన అనే మూడు అంతస్తులను పరిశోధనలో స్పష్టంగా వేరుచేయాలి. మూడోదానికి సాహిత్యంలో గౌరవనీయమైన స్థానముంది. మల్లిపురం జగదీశ్ ‘శిలకోల’ వంటి కథాసంపుటాల ద్వారా ఈ ప్రాంతపు గిరిజన జీవితం, గిరిజన రచయిత కలంనుంచే తెలుగు కథలోకి వచ్చింది. కొర్రవానివలస తల్లికి ఒక పేరు, ఒక మాట ఇవ్వగల అధికారం అలాంటి సృజనకారులకు ఉంది. చరిత్ర పరిశోధకుడికి లేదు. ఆమె స్థానం ఎంత పెద్దదో చూపి, ఆ స్థానాన్ని ఖాళీగానే నిలిపి ఉంచడం అతడి ధర్మం.

శ్రీకాకుళ గిరిజనోద్యమ చరిత్రకు కూడా ఈ విభజన అవసరం. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద భూస్వాముల తుపాకులకు బలైన కోరన్న, మంగన్నల పేర్లు చరిత్రలో నిలిచాయి. వెట్టికి, అప్పులకు, భూమి అన్యాక్రాంతానికి వ్యతిరేకంగా సాగిన ఆ సంఘజీవితంలో స్త్రీలు ఏం మోశారు, ఏం దాచారు, ఏం పోగొట్టుకున్నారు అనే కోణంలో గ్రామస్థాయి మౌఖికచరిత్రలు ఇంకా విస్తారంగా రావలసి ఉంది. 1900 నాటి సాక్షులు ఎవరూ మిగలలేదు. 1967 నాటి సాక్షుల్లో ఎనభై ఏళ్ల వయసులో ఉన్నవారు నేటికీ పార్వతీపురం, సీతంపేట కొండల్లో ఉన్నారు. ఈ పనికి గడువు ఎక్కువ లేదు.

10. ముగింపు:

ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి. ఒకటి, ఉత్తరాంధ్ర కొండ తిరుగుబాట్ల అధికారిక కథనాల్లో స్త్రీలు లేకపోవడం యోగ్యానుపలబ్ధి కాదు. ఉన్న స్త్రీని కూడా చూపలేని రచనలవి. రెండు, ఆ కథనాలు చెప్పిన విషయాలు పొసగాలంటే శిబిరపు ఆహారం, బాలదైవపు పోషణ, తిరుగుబాటు అనంతర కుటుంబ భారం స్త్రీలవని ఒప్పుకోక తప్పదు. మూడు, సవర సమాజంలో మృతుల జ్ఞాపకానికి, బయటి అధికారంతో బేరానికి స్త్రీ కురన్‌లు నిర్వహించిన పాత్రను ప్రతిఘటన చరిత్రలో భాగంగా చదవాలి. నాలుగు, మాకీ, గున్నమ్మల పేర్లు మిగలడానికి, కొండదొర స్త్రీల పేర్లు మిగలకపోవడానికి కారణం నమోదు చేసే సాధనాల తేడాయే.

కొర్రా మల్లయ్య పేరు నేడు పరిశోధన వ్యాసాల్లో, పోటీపరీక్షల పుస్తకాల్లో కనిపిస్తోంది. ఆ పేరు వచ్చినచోటల్లా శిబిరంలోని వేలమందినీ, ఆ పసివాడి తల్లినీ కలిపి చెప్పడం మొదలైతే, తిరుగుబాటు ఒక ‘స్వామి’ పిచ్చిగా కాక ఒక సమాజపు నిర్ణయంగా అర్థమవుతుంది. గెజెటీర్ దాచిన అసలు విషయం బహుశా అదే.